పత్తిమిల్లులో కూరల ముచ్చట

టకటక. టిఫిన్ డబ్బా పిడికి తగిలించిన చెంచా చేసే చప్పుడది. అది వినిపిస్తే చాలు, కట్టంగూర్ దగ్గరి పత్తిమిల్లులో ఎవరి కూర వాళ్లు గుర్తు చేసుకునేవారు. చప్పుడు వెనకాలే మేనేజర్ ముజఫ్ఫర్ వచ్చేవాడు. ఆయనకు ఒకటే పిచ్చి: పొద్దున ఏం కూరతో తిని వచ్చారో చెప్పనిదే ఎవరినీ మిషన్ ముట్టనివ్వడు.

"మారయ్యా, ఏం కూర?"

"చింతచిగురు పప్పు సార్."

"ఉప్పెట్లుండె?"

"జర ఎక్కువైంది. మా ఆమెతోని అనలే. మీతోనే అంటున్న."

"తెలివైనోనివి. పో, మిషన్ కాడికి."

తాను మాత్రం అందరినీ అడిగాకే టిఫిన్ విప్పేవాడు.

బెల్టులకు ఇనుప జాలీలు వేయించింది ఆయనే. మిషన్ ఆగినా, దాని తాళం తన జేబులో పడ్డాకే లోపల చెయ్యి పెట్టనిచ్చేవాడు. వాటిని అందరూ మెచ్చుకున్నారు. కూర సంగతే ఎవరికీ మింగుడుపడలేదు. తిండిపోతన్నారు కొందరు. మిల్లు మూసి హోటల్ పెడతాడన్నారు ఇంకొందరు. పత్తి పీచు గడ్డం మీద మంచులా వాలుతుంటే, ఆయన దొండకాయ వేపుడు గురించి పాట వింటున్నంత శ్రద్ధగా వినేవాడు.

ఎల్లేష్ మూటలు మోసీ మోసీ చివరికి మిషన్ పని సంపాదించాడు. మొదటి రోజు. ముందురాత్రే భార్య మమతను పురుటికి నల్లగొండ దవాఖానలో చేర్చి, తెల్లవార్లూ వరండాలో కూర్చుని, నేరుగా మిల్లుకు వచ్చాడు. రాకపోతే మిషన్ ఇంకొకరికి పోతుందని భయం. దారిలోనే, అడిగితే చెప్పడానికి కూర ఒకటి సిద్ధం చేసుకున్నాడు.

"ఏం కూర ఎల్లేష్?"

"బీరకాయ సార్."

"ఉప్పెట్లుండె?"

బీరకాయలో ఉప్పు వేయడం ఎల్లేష్ మరిచిపోయాడు.

ముజఫ్ఫర్ అతన్ని పత్తికుప్ప పక్కన కూర్చోబెట్టి సంగతంతా రాబట్టాడు.

"నేను ఇంతకుముందు చేసిన మిల్లుల ముగ్గురికి దెబ్బలు తాకినయ్. మిషన్లు వేరు, జాగాలు వేరు. ఒకడు ఇంట్ల కొట్లాడి వచ్చిండు, ఒకడు నిద్రలేక, ఒకామె పస్తుతోని. పొద్దున ఏం తిన్నరంటే ముగ్గురూ తెల్లమొకం ఏసిండ్రు. మనసు ఏడనో ఉంటే చెయ్యి ఒంటరిదైతది బేటా. ఒంటరి చెయ్యినే మిషన్ గుంజుకుంటది."

"మరి నా మిషన్?"

"నీదే. నువ్వు దవాఖానకు పోయొచ్చేదాక నేను నడుపుత. ముందుగాల తిను."

టిఫిన్ విప్పి ముందు పెట్టాడు. అన్నం, ఖట్టా దాల్, కోడిగుడ్డు కూర. ఎల్లేష్ గిన్నె అడుగు మెరిసేదాకా తిన్నాడు. ఆ మెరుపు చూశాక ఏదో తట్టింది. మిషన్ వైపు నడుస్తున్న ఆయన్ని పిలిచాడు.

"సార్, పొద్దున మీరేం కూర తిన్నరు?"

ముజఫ్ఫర్ ఆగాడు. ఖాళీ టిఫిన్ వైపు చూశాడు. మారయ్య అటు తిరిగి నవ్వు మింగాడు. జేబులోంచి తీసిన తాళాన్ని ముజఫ్ఫర్ మళ్లీ జేబులోనే వేసుకున్నాడు.

"అయితే ఇయ్యాల ఆ మిషన్ బందే. నువ్వు మమత కాడికి పో. తిరిగొచ్చి నువ్వే నడుపు. వచ్చేటప్పుడు జర కూర పట్టుకరా బేటా, ఉప్పు జూసి."