ఫలితం చెప్పని తాతయ్య

తాతయ్యకి ఒకటే పిచ్చి. మనిషి కనబడితే చాలు, ఆ మనిషికి ఏ రకం పరీక్ష నప్పుతుందో తేల్చేదాకా నిద్రపోడు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పీ చెప్పీ ఆయన రిటైరయ్యాడు గానీ, పరీక్షలు మాత్రం ఆయన్ని వదిలి రిటైరవలేదు.

"గోరంత తెలిసి కొండంత చెప్పేవాడికి వ్యాసం. అడక్కముందే జవాబిచ్చేవాళ్ళకి నోటిపరీక్ష. దేవుడి మీద భారం వేసేవాళ్ళకి, నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టే పరీక్ష. ఇక పుస్తకం తెరిచి రాసే పరీక్ష..." అని కొడుకు వంక చూసేవాడు.

"నావైపు చూస్తారేం నాన్నా?"

"ఏం లేదురా. రేపు బ్యాంకుకి వెళ్దామా?"

"ఉండండి, మీ కోడల్ని అడిగి చెప్తా," అని కొడుకు వంటింట్లోకి పరిగెత్తేవాడు.

"చూశావా? పుస్తకం తెరవందే ఒక్క ముక్క రాయలేడు," అనేవాడు తాతయ్య మనవరాలి చెవిలో.

డాక్టరు దగ్గరా ఇదే వరస. "నొప్పి ఇక్కడా, ఇక్కడా?" అని డాక్టరు మోకాలు నొక్కితే, "ఈ టిక్కుల పరీక్ష నాకు పడదు. వ్యాసం చెప్తా, రాసుకోండి," అని మోకాలి చరిత్ర బాల్యం నుంచీ ఎత్తుకునేవాడు. బయట బెంచీ మీద రోగులు తమ రోగాలు మరిచిపోయేవాళ్ళు.

ఇంతటి తాతయ్య మనవరాలి దగ్గరికొచ్చేసరికి చతికిలపడ్డాడు. ఇంట్లో గడగడా చెప్పే పిల్ల, తెల్లకాగితం చూస్తే కొయ్యబారిపోయేది. బల్లకి అవతల ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటే నోరు పెగిలేది కాదు. టిక్కు పెట్టమంటే నాలుగు జవాబులూ పాపం నిజమే చెబుతున్నట్టుండేవి. తప్పింది. మళ్ళీ తప్పింది. చదువు మానేసింది.

"మన ఇంటా వంటా ఉందా ఇది?" అని తండ్రి ఎగిరాడు.

"అందరికీ ఒకే కొలతకి చొక్కా కుట్టి, చేతులు పొడుగున్నవాణ్ణి తిడితే ఎలారా? దానికి సరిపడే పరీక్ష మా దగ్గర లేకపోయింది," అన్నాడు తాతయ్య. ఆ రోజు భోజనం కూడా సరిగా చెయ్యలేదు.

మనవరాలు వీధివైపు గదిలో రిపేరు కొట్టు తెరిచింది. మొదటి బేరం తాతయ్యే. ఆడని ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చాడు. తర్వాత నత్తనడక ఫ్యాను. ఆ తర్వాత ఒక జబ్బు కింద ఇంకో జబ్బు దాచుకున్న రేడియో.

"ఈ మనిషి చెయ్యి పడితే రోకలి కూడా రిపేరుకొస్తుందే!" అని నాయనమ్మ మొత్తుకునేది.

ఆమె విప్పుతుంటే తాతయ్య చేతులు వెనక్కి కట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి పచార్లు చేసేవాడు. ఎవరైనా వచ్చి పలకరించబోతే, "ష్! పరీక్ష హాల్లో మాట్లాడకూడదు," అనేవాడు. అలవాటు పోలేదు పాపం అని అందరూ నవ్వుకునేవాళ్ళు.

"ఊళ్ళో అందరికీ మార్కులేస్తావు. మరి నేను ప్యాసా, ఫెయిలా తాతయ్యా?"

"నీది ఇంకా దిద్దుతున్నానే."

ఎన్నిసార్లడిగినా అదే మాట. నవ్వుతూనే అడిగేది గానీ, ఒక్కసారి, ఒక్క మనిషి నోట 'ప్యాస్' అని వినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది. చివరగా ఆయన ఒక గోడగడియారం తెచ్చాడు. అది లొంగలేదు. ఈలోగా తాతయ్యే వెళ్ళిపోయాడు. ఫలితం రాలేదు. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే అడుగుల చప్పుడు లేక కొట్టు బావురుమనేది.

ఒక మధ్యాహ్నం నాయనమ్మ తాతయ్య బల్ల సర్దుతూ కేకేసింది. సొరుగు నిండా మరలు, స్ప్రింగులు, తెగిన తీగముక్కలు. ఒక స్క్రూడ్రైవరు. రేడియోలోంచి మాయమైన మరను మనవరాలు ఇట్టే గుర్తుపట్టింది.

"ఇవన్నీ... తాతయ్యే పాడుచేశాడా?"

"మరి ఎలకలనుకున్నావా? తలుపేసుకుని విప్పేవారు. మళ్ళీ మూత బిగించడం చేతగాక నన్ను పట్టుకోమనేవారు."

"నాకు చెప్పలేదేం నాయనమ్మా?"

"ప్రశ్నపత్రం ముందే బయటపెట్టకూడదని ఒట్టేయించుకున్నారు మహానుభావుడు!"

మనవరాలికి నవ్వొచ్చింది. "పోనీ, నేను ప్యాసయ్యానో లేదో చెప్పాడా?"

"ఆ ఇస్త్రీపెట్టెకే ప్యాసయ్యావుట! ఆ మాట పిల్లకి చెప్పొచ్చుగా అన్నాను. 'చెబితే పరీక్ష అయిపోతుందే. అయిపోతే రోజూ దాని కొట్టుకి పోవడానికి నాకు సాకేదీ?' అన్నారు."

సొరుగు మూలన చిన్న పళ్ళచక్రం ఒకటి మెరిసింది. గడియారంలో లేనిది అదే. తీసుకెళ్ళి పెడితే టిక్కుటిక్కుమంటుంది. మనవరాలు దాన్ని అరచేతిలో కాసేపు తిప్పి, మళ్ళీ సొరుగులోనే పెట్టేసింది.

"అదేమిటే, తీసుకోవూ?"

"కాపీ కొడితే ఆయన ఊరుకుంటాడా?" అంది. "అయినా హాల్లో గడియారం ఆగిపోయి ఉంటే, టైమైపోయింది, కాగితాలిచ్చెయ్యమని ఎవరంటారు నాయనమ్మా?"