దశరథ్ దులిపిన బుడగలు

మా ఆయన దశరథ్ చివరగా చేసిన పని ద్రాక్షపళ్లు కడగడం. గిన్నెలో నీళ్లు పోసి, పళ్లకు అంటుకున్న గాలి బుడగల్ని చిటికెనవేలితో దులుపుతున్నాడు.

"తినడానికా, తూచడానికా?" అన్నాను.

నవ్వి, గిన్నె నా ముందు పెట్టి వెళ్లి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆ అలవాటు ఉద్యోగం నేర్పింది. వోల్ఫ్స్‌బర్గ్ పక్కన ఒక చిన్న కంపెనీలో కార్లకు అల్యూమినియం భాగాలు పోతపోస్తారు. దశరథ్ అక్కడ ఒక్కో ముక్కను ముందు గాలిలో, తర్వాత నీళ్లలో వేలాడదీసి తూచేవాడు. నీళ్లలో ఎంత తేలికైందో చూస్తే అది ఎంత చోటు తీసుకుంటుందో తెలుస్తుంది. బరువును దానితో భాగిస్తే సాంద్రత. లోపల బొక్కలున్న ముక్క పైకి నిండుగానే కనిపిస్తుంది, సాంద్రత మాత్రం పడిపోతుంది. పైన బుడగ అంటుకున్నా తక్కువే చూపిస్తుంది. అందుకే ముంచగానే చిన్న బ్రష్‌తో దులిపేవాడు.

అఖిల్‌కి ఆ పని నేర్పిందీ ఆయనే. హానోవర్‌లో చదువు ముగించి వచ్చిన కుర్రాడు. ఇల్లు దొరికేదాకా అన్మెల్డుంగ్, అదే ఆఫీసులో చిరునామా నమోదు, మా అడ్రస్ మీదే. ఆదివారం భోజనం మా ఇంట్లోనే.

"వదినా, అన్న పప్పుచారుల బుడగలు గూడ దులిపినంకనే తింటడా?"

"నీ తలకాయ ముంచితే తేల్తదిరా. ముందు అది చూస్కో."

పోయిన చలికాలం వరసగా కొన్ని ముక్కల సాంద్రత తక్కువ వచ్చింది. సరుకు ఆపాల్సిందేనని దశరథ్ పట్టుబట్టాడు. తన కొలత మీద అంత నమ్మకం. ఆ కొలత నమ్మొచ్చా అని మీటింగ్‌లో మేనేజర్ అఖిల్‌ని అడిగాడు.

"దశరథ్ బుడగలు సరిగ్గా దులపడు," అన్నాడు అఖిల్.

సరుకు వెళ్లిపోయింది. దశరథ్‌ని త్రాసు దగ్గర నుంచి తప్పించి, ఆ చోట అఖిల్‌ని పెట్టారు.

"వాడు భయపడ్డడు," అన్నాడు ఇంటికొచ్చి. "కొత్త వీసా, కొత్త కొలువు. లోపల ఏముందో వానికేం తెలుసు?" ఆదివారం వాడికీ కంచం పెట్టమన్నాడు. పెట్టాను. వాడు రాలేదు.

దశరథ్ పోయాక వచ్చాడు. గుమ్మం దగ్గరే కూలబడి, "అన్న నా తోడబుట్టినోని లెక్క, వదినా," అని ఏడ్చాడు. నేనే లేపి మంచినీళ్లిచ్చాను.

ఆ తర్వాత ఆయనతో పనిచేసిన సబీనా ఆ బ్రష్ ఇచ్చి పోవడానికి వచ్చింది.

"ఆయన కొలత సరైనదే. మీటింగ్‌కి ముందురోజు ఒక ముక్క కోసి చూశారు. లోపలంతా బొక్కలు."

"ఎవరు కోశారు?"

"అఖిల్."