ఏసుపాదం గారికి వచ్చిన ఒక్క వాక్యం

బెంజ్ సర్కిల్ పక్క సందులో నాది చిన్న జిరాక్సు, డీటీపీ షాపు. మాజీ సైనికుల అర్జీలు టైపు చేసి చేసి మెడికల్ బోర్డుల భాష మొత్తం నాకు వచ్చేసింది, ఆ భాషంటే ఒళ్లుమంట కూడా వచ్చేసింది. అయినా ఏసుపాదం గారి ఫైలు తెరిచినప్పుడు రగిలినట్టు నా కడుపు ఇంక దేనికీ రగలదు.

ఆయనది గన్నవరం దగ్గర పల్లె. ఆర్మీలో హవల్దారుగా చేశారు. కశ్మీరు కొండల్లో డ్యూటీ మీద వెళ్తున్న లారీ లోయలోకి జారితే ఆయన కింది దవడ రెండు ముక్కలైంది, పదకొండు పళ్లు పోయాయి. దవడకు ప్లేటు వేసి, తీగలు చుట్టి, రెండు నెలలు నోరు కట్టేశారు. తీగలు తీశాక చూస్తే నోట్లోకి ఒక్క వేలే దూరేది. క్రిస్మస్‌నాడు ఇంటిల్లిపాదీ బిర్యానీ తింటుంటే ఈయన రాగిజావ తాగుతారు. మాట ముద్దగా వస్తుంది. భార్య మార్తకు తప్ప ఎవరికీ అర్థం కాదు.

ఆ మార్తే పట్టుబట్టి మాట నేర్పింది. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక అద్దం ముందు కూర్చోబెట్టి ఒకటే వాక్యం పలికించేది: "దేవుని కృపవల్ల బాగున్నాను." చర్చిలో ఎవరు పలకరించినా వాళ్లు చెప్పుకునే జవాబు అదే. నలుగురిలో తలదించుకోకుండా అదొక్కటన్నా అనగలగాలని ఆవిడ ఆశ. ఏడాది పట్టింది. ఆ వాక్యం గంట కొట్టినట్టు వచ్చింది. మిగతా మాటలు రాలేదు.

వైకల్యం పెన్షను కోసం బోర్డు ముందుకు వెళ్లినప్పుడు మార్తను బయటే కూర్చోబెట్టారు. లోపల డాక్టరు తెలుగాయనే, మర్యాదస్తుడే. "ఎలా ఉన్నారండీ?" అని అడిగారు. ఏసుపాదం గారు నిటారుగా నిలబడి తనకొచ్చిన వాక్యం చెప్పేశారు. తడబడకుండా పలికానని బయటికొచ్చి భార్యకు సంబరంగా సైగ చేశారట.

క్లెయిము కొట్టేశారు. నేను మూడు పేజీల అప్పీలు టైపు చేసి, ఎక్స్‌రేలు జతచేసి పంపాను. దానికి జవాబు వచ్చిందని నిన్న ఇద్దరూ షాపుకి తెచ్చారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చదివి వినిపించాను. పరీక్ష సమయంలో దరఖాస్తుదారు స్పష్టంగా మాట్లాడారు. తాను బాగున్నట్టు స్వయంగా చెప్పారు. పళ్లు కట్టించుకుంటే సరిపోతుంది.

"ఒక్క వేలే దూరే నోట్లో పళ్లసెట్టు ఎట్లా దూరుద్దయ్యా?" అని అరిచాను, వినాల్సినవాడెవడూ అక్కడ లేకపోయినా.

మార్త కళ్లు తుడుచుకోలేదు. "ఆ ముక్క నేర్పింది నేనేనండి. నొప్పని చెప్పటం నేర్పలేదండి. ఆయన నోట్లో మట్టి కొట్టింది నేనేనండి" అంది.

ఏసుపాదం గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆవిడకు అర్థమై ఇంకా ఏడ్చింది.

అంతలో వాళ్ల చర్చికి వచ్చే అమలమ్మ గారు ఆధార్ కాపీ కోసం లోపలికి వచ్చింది.

"వందనాలు ఏసుపాదం గారూ, బాగున్నారా?"

ఆయన చప్పున నిటారుగా నిలబడ్డారు.

"దేవుని కృపవల్ల..."

మార్త లేచి ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.