శౌరయ్యగారు పడుకోని పెట్టె

తను పడుకుని చూడనిదే ఏ పెట్టెనీ షెడ్డు గడప దాటనివ్వకపోవడం శౌరయ్యగారికున్న ఒకే ఒక్క పిచ్చి. మంచాలో సోఫాలో చేసే మనిషైతే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. విజయవాడ ఆటోనగర్లో ఆయన చేసేది శవాలను ఉంచే ఫ్రీజర్ పెట్టెలు.

ఈ సంగతి ఉషశ్రీకి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇంజనీరింగు పాసైన పిల్ల, ‘సంపూర్ణమ్మ కూలింగ్ వర్క్స్’ అనే బోర్డు చూసి, జ్యూసు దుకాణాలకు ఫ్రిజ్జులు చేస్తారు కాబోలు అనుకుని ఉద్యోగంలో చేరడానికి వచ్చింది పాపం. మే నెల, మిట్టమధ్యాహ్నం. అందరూ భోజనాలకు వెళ్ళారు. షెడ్డులో పురుగు కూడా లేదు. వరసగా గాజుమూతల పెట్టెలు, ఒక్కొక్కటీ సన్నగా మూలుగుతోంది. ఒకదాని మీదికి వంగి చూసింది. ఖాళీ పెట్టె. అద్దం మీద మాత్రం వేలితో గీసిన సిలువ గుర్తు ఉంది. తుడవబోతే చెరగలేదు. గీసింది లోపలివైపు నుంచి.

గబుక్కున పక్కపెట్టె కేసి తిరిగింది. అందులో మనిషి! స్వెట్టరు, మంకీ క్యాపు, నెరిసిన మీసాలు, గుండెల మీద జోడించిన చేతులు. ‘ఎవరో పాపం, పెద్దాయన’ అనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది. పెద్దాయన కళ్ళు తెరిచారు.

ఆ అమ్మాయి పెట్టిన కేకకి, వీధవతల లారీ బాడీలు కట్టేవాళ్ళు సుత్తులు ఆపేసి పరుగెత్తుకొచ్చారు.

“మూతెత్తమ్మా,” అన్నారు పెట్టెలోని శౌరయ్యగారు. “కొత్త ఇంజనీరమ్మవా? నా మొహం స్పష్టంగా కనబడిందా?”

“క... కనబడిందండీ.”

“అద్దం మసకేయలేదుగా?”

“లేదండీ.”

“మరి అంత శుభ్రంగా కనబడితే ఆ కేకెందుకమ్మా?” అని, అద్దం మీద నోటితో ఆవిరి ఊది, వేలితో సిలువ గీసి లేచి కూర్చున్నారు. ఆ సిలువే ఆయన ‘ఓకే’ ముద్ర. గాలి ఆడడానికి మూత కింద పెట్టుకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకుంటూ, “రా, భోంచేద్దువుగాని,” అన్నారు.

భోజనం తెచ్చేది ఆయన భార్య సంపూర్ణమ్మగారు. ఏ పెట్టెలో ఉన్నారో వెతుక్కుని, గరిటెతో అద్దం మీద కొట్టి లేపడం ఆవిడకి అలవాటు. “నా పేరు పెడతానంటే పెళ్ళైన కొత్తలో మురిసిపోయానే అమ్మాయ్! ఇప్పుడు ఈ డెల్టాలో ఎవరు పోయినా తల దగ్గర నా పేరే. ఏ చావింటికెళ్ళినా పెట్టె వంకోసారి, నా వంకోసారి చూస్తారు!”

“పేరు చిరస్థాయిగా ఉండాలన్నావుగా,” అనేవారు శౌరయ్యగారు.

“పేరన్నాను, పెట్టె అన్లేదు!”

నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ, షెడ్డు పరిస్థితి మాత్రం నవ్వేటట్టు లేదు. బయటినుంచి వచ్చే నాసిరకం పెట్టెలు బేరాలన్నీ తన్నుకుపోతున్నాయి. ఆసుపత్రుల ఆర్డరొకటే దిక్కు, దానికి ప్రభుత్వ సర్టిఫికెట్ కావాలి. సరుకులో లోపం ఉండకూడదు, దాని తయారీవల్ల గాలీ నీరూ పాడవకూడదు, పని మాత్రం చకచకా సాగాలి. తనిఖీ అధికారి వచ్చేలోపు షెడ్డుని దారిలో పెట్టడమే ఉషశ్రీ ఉద్యోగం. సర్టిఫికెట్ రాకపోతే షెడ్డు మూతే, అందరూ ఇళ్ళకే.

గాలి విషయంలో శౌరయ్యగారికి వంక పెట్టడానికి లేదు. రిపేరుకొచ్చిన పాత పెట్టెల్లో గ్యాసుని ఊళ్ళో మెకానిక్కులు బుస్సుమని ఆకాశంలోకి వదిలేస్తారు. ఈయన బొట్టు పోనివ్వకుండా సిలిండర్లోకి పట్టించేవారు. “పోయినవాడు పోతూపోతూ ఊరి గాలి పాడుచేసి పోవాలా?” అని కేకలేసేవారు. చలి బయటికి పోకుండా గోడలు దిట్టంగా కట్టడం, కరెంటు తక్కువ తాగేట్టు చూడడం, థర్మోకోల్ ముక్క కూడా బందరు కాలవలో పడకుండా ఏరించడం, అన్నీ ఆయనే.

వచ్చిన చిక్కల్లా ఆ పడకతోనే. పెట్టెలు తయారై, ఆయన నిద్ర కోసం వరసలో ఎదురుచూస్తుండేవి.

“సార్, పెట్టెలు బోలెడు, మీరేమో ఒక్కరు,” అంది ఉషశ్రీ.

“ఒకేసారి రెండిట్లో పడుకోలేను కదమ్మా.”

“పడుకోడమే మానెయ్యండి. చలినీ తేమనీ కొలిచే సెన్సర్లు పెడదాం. క్షణంలో తేలిపోతుంది.”

శౌరయ్యగారు మంకీ క్యాపు తీసి గోడ మేకుకి తగిలించి, “షెడ్డు నిలబడాలి కదమ్మా, అలాగే కానీ,” అన్నారు.

సెన్సర్లొచ్చాయి. పెట్టెలు టకటకా బయటికి పోతున్నాయి. ఉషశ్రీ సంతోషించాల్సిందే. కానీ ఎందుకో మధ్యాహ్నాలు ఆ వరసల మధ్య నడవాలంటే ఆ పిల్లకి కాళ్ళు రావడం లేదు. ఇదివరకు లోపల ఒక మనిషి గురక వినబడేది. ఇప్పుడు ఎవరూ లేని పెట్టెలు వాటంతటవే మూలుగుతున్నాయి. దాటిపోతుంటే, ఏదో ఒక అద్దం లోపలినుంచి మెల్లగా మసకేసి, మళ్ళీ తేటపడేది. సెన్సర్లో అంకె మాత్రం కదిలేది కాదు. ఎవరితోనూ అనలేదు. ఇంజనీరు కదా మరి!

తనిఖీ రేపో మాపో అనగా పొద్దున్నే పామర్రు నుంచి ఫోను. “ఏవండీ, మా వెంకటప్పయ్య పెదనాన్న మీ పెట్టె లోపల్నుంచి తలుపు కొడుతున్నాడండీ!”

శౌరయ్యగారు స్కూటరేసుకుని పరుగెత్తారు. అక్కడికెళ్ళి ఉషశ్రీకి ఫోన్ చేశారు. “ఓసారి విను,” అని ఫోనుని పెట్టెకి ఆనించారు.

టక్. కాసేపు ఏమీ లేదు. టక్... టక్.

ఆ ఎండలో ఉషశ్రీ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంతలో ఓ ఆడమనిషి గొంతు: “వింటున్నారా? ఆయనే! చలేస్తోందని పిలుస్తున్నాడు. మూత తియ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!”

వెంకటప్పయ్యగారి భార్య సుబ్బరత్నమ్మ. కూతురు పూనా నుంచి వచ్చేదాకా ఉంచాలని పెట్టె తెప్పించారు. ఇప్పుడావిడ మూత తీసేదాకా ఊరుకునేట్టు లేదు.

ఉషశ్రీకి గుండె దడ తగ్గాక బుర్ర పనిచేసింది. బరువు! తను పెట్టెలన్నీ ఖాళీగా పరీక్షించింది. మనిషి బరువు పడితే, పడుకోబెట్టే పళ్ళెం కాస్త కుంగి కింది గొట్టానికి తగులుతోంది, మిషను ఒణికినప్పుడల్లా కొడుతోంది. “సార్, తప్పు నాదేనండీ. పళ్ళెం కింద గట్టి పట్టీలున్న పెట్టె ఒకటుంది, ఇప్పుడే పంపిస్తా.”

“అందులో ఎవరన్నా పడుకున్నారా?”

“లేదండీ. సెన్సర్లు—”

“చప్పుడుదేముందమ్మా, సరిచెయ్యొచ్చు.” ఆయన గొంతు తగ్గింది. “ప్రతి ఇంట్లోనూ మూతేసేటప్పుడు ఎవరో ఒకళ్ళు పెట్టె పట్టుకుని వదలరు. లోపల చలేస్తుందేమో, ఒక్కడికీ భయమేస్తుందేమో అని. ‘నేను పడుకుని చూశానమ్మా, ఏం భయం లేదు’ అంటాను. అప్పుడు చెయ్యి తీస్తారు. ఊరికే అన్నామంటే మొహం చూసి పట్టేస్తారమ్మా. ఇప్పుడీవిడకేం చెప్పను?”

ఈ చుట్టుపక్కల పోయేవాళ్ళందరి కంటే ముందుగా వెళ్ళి, ఆ చోటు ఎలా ఉందో చూసి వస్తున్నారన్నమాట ఈ పెద్దాయన! దాన్ని మధ్యాహ్నపు కునుకు అనుకున్నందుకు ఉషశ్రీకి సిగ్గుతో కళ్ళు మండాయి. గోడ మేకు మీది మంకీ క్యాపు అందుకుంది.

వ్యాను డ్రైవరు జాన్ పాల్ ససేమిరా అన్నాడు. “చచ్చినోళ్ళని ఎన్నిసార్లయినా తీసుకెళ్తానండీ. బతికున్నోళ్ళని పెట్టెలో పెట్టుకుని నడపడం నావల్ల కాదు!”

“టైం లేదు జాన్ పాల్ గారూ. ఇన్వర్టర్ ఆన్ చేసి, మూత కింద తువ్వాలు పెట్టండి.”

మూత పడింది. బయటి రొద ఎక్కడికో వెళ్ళిపోయింది. వ్యానుకి పైకప్పు లేదు; అద్దంలోంచి ఆకాశం, కరెంటు తీగలు, చెట్ల కొమ్మలు చప్పుడు లేకుండా వెనక్కి పోతున్నాయి. వీపు కింద చల్లగా, మెల్లగా, ఏదో ఊపిరి తీస్తున్నట్టుంది. అది తనదో పెట్టెదో తెలియలేదు. ఒక్క క్షణం, తను ఉన్నదో లేదో కూడా తెలియక గుండె మీద చెయ్యేసుకుని చూసుకుంది. కొట్టుకుంటోంది. పళ్ళెం మాత్రం కొట్టుకోవడం లేదు. హమ్మయ్య!

కంకిపాడు సెంటర్లో వ్యాను ఆగింది. టీకొట్టు దగ్గరివాళ్ళు తలపాగాలు తీశారు. జామకాయలమ్మే ఆవిడ, ‘చిన్నపిల్ల పాపం’ అంటూ దగ్గరికొచ్చి తొంగిచూసింది. సరిగ్గా అప్పుడే ఉషశ్రీకి ముద్ర వెయ్యాలని గుర్తొచ్చింది. అద్దం మసకేసింది, ఆ మసకలో ఒక వేలు తేలి, నింపాదిగా టిక్కు పెట్టింది.

“ఓలమ్మో! శవం టిక్కు పెడతాందిరో!” జామకాయలు రోడ్డంతా దొర్లాయి. టీకొట్టు ఖాళీ. జాన్ పాల్ సిలువ గుర్తు వేసుకుని గేరు మార్చాడు.

పామర్రులో పెట్టె దించారు. వెంకటప్పయ్యగారిని అందులోకి మార్చారు. అందరూ చెవులు రిక్కించారు. టక్కు లేదు, టిక్కు లేదు. కానీ మూత వెయ్యబోతే సుబ్బరత్నమ్మ అంచు పట్టుకుంది. “చప్పుడు ఆపేశాడు. పిలిచీ పిలిచీ విసిగిపోయి ఉంటాడు. ఆ చలిలో ఒక్కణ్ణీ పడేస్తారా?”

జనమంతా శౌరయ్యగారి వంక చూశారు. ఆయన తల దించుకున్నారు. అలవాటైన ఆ మాట ఇవాళ ఆయన దగ్గర లేదు.

“నేను పడుకునే వచ్చానండీ,” అంది ఉషశ్రీ, మంకీ క్యాపుతోనే ముందుకొచ్చి. “విజయవాడ నుంచి ఇక్కడిదాకా, ఇదే పెట్టెలో.”

సుబ్బరత్నమ్మ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూసింది. చెయ్యి పట్టుకుని చూసింది. ఇంకా చల్లగానే ఉంది. “చలేసిందా?”

“కొంచెం వేసిందండీ. దుప్పటి కప్పితే సరిపోతుంది.”

“భయమేసిందా?”

“కంకిపాడు దాకా వేసిందండీ. ఆ తర్వాత నిద్ర పట్టేసింది. ఉయ్యూరు ఎప్పుడు దాటామో తెలీలేదు.”

సుబ్బరత్నమ్మ ఏడుస్తుందనుకున్నారు అందరూ. “ఈయనా అంతేనమ్మా,” అంది. “బెజవాడలో బస్సెక్కితే నిద్దరే. పామర్రు దాటిపోయి, బందరులో లేచి ఫోన్ చేసేవాడు, ‘రత్నం, మళ్ళీ దాటిపోయా’ అని.” లోపలికెళ్ళి దుప్పటి తెచ్చి, గడ్డం దాకా కప్పి, “పడుకోనివ్వండి,” అని చెయ్యి తీసేసింది.

తిరిగొస్తూ శౌరయ్యగారు ఒక్క మాటే అన్నారు: “ఆ టోపీ నువ్వే ఉంచుకోమ్మా.”

ఖాళీగా పరీక్షించిన పెట్టెలన్నిటికీ పళ్ళెం కింద పట్టీలు వేశారు. సెన్సర్లు ఉన్నాయి, పడకా ఉంది. కాకపోతే ఇప్పుడు షెడ్డులో అందరూ వంతులవారీగా పడుకుంటున్నారు. ఆ ఎండల్లో వంతు కోసం కొట్లాటలే! వరసలో ఆగే పెట్టె లేదు. పామర్రు సంగతి కూడా దాచకుండా, తనిఖీకొచ్చిన హర్షవర్ధన్ గారికి ఉషశ్రీయే చెప్పింది.

“అంతా బానే ఉంది కానీ, చివరి పరీక్ష ‘బతికున్న మనిషి’ అని రాశారేంటండీ?” అన్నాడాయన, వరస వెంట నడుస్తూ. ఒక పెట్టె దగ్గర ఆగిపోయాడు. పైన ఎర్రక్షరాలతో ‘సంపూర్ణమ్మ’ అని ఉంది. కింద అద్దంలో పట్టుచీర కట్టుకున్న ఓ పెద్దావిడ, చేతులు జోడించుకుని. ఆయన బూట్లు విడిచి దణ్ణం పెట్టాడు. పెద్దావిడ కళ్ళు తెరిచింది.

“కేక పెట్టకు నాయనా, పొయ్యి మీద పప్పుంది, ఇదిగో లేస్తున్నా,” అంది సంపూర్ణమ్మగారు. “ఇంతకీ నా మొహం స్పష్టంగా కనబడిందా?”

కనబడిందన్న మాట హర్షవర్ధన్ గారి నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది. సర్టిఫికెట్ మాత్రం తొందరగానే వచ్చింది.