మోటారు అప్‌గ్రేడ్ అయింది

మా నాయన నిమ్మతోట ఉదయగిరి దాటినాక దుత్తలూరు పోయే దారిలో ఉంది. నేనుండేది ఆత్మకూరులో. ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్తాను. అందుకని మా ఇంట్లో కరెంటుతో నడిచేది ఏది చెడినా ముందు నాకే ఫోనొస్తుంది, మిక్సీ అయినా సరే. కంప్యూటర్ చదివినదానికి మిక్సీ ఒక లెక్కా అని నాయన నమ్మకం.

తోటకూ ఇంటికీ దూరం బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులు మొదలైనాక, నాయన బోరు మోటారుకు ఒక పెట్టె బిగించుకున్నాడు. అందులో ఒక సిమ్ము ఉంటుంది. ఫోన్ నుంచి దానికి రింగిస్తే మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ రింగిస్తే ఆగిపోతుంది. త్రీ ఫేజు కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఇచ్చేవాళ్లకే తెలియని మా వైపు, ఇంతకంటే సుఖం ఏముంటుంది? మంచం మీద కూర్చుని తన బటన్ల ఫోను చెవికి పెట్టుకుంటే, అవతల ఒక ఆడగొంతు "మోటారు ఆన్ అయినది" అని చక్కటి తెలుగులో చెప్పేది. నాయన "సరేమ్మా" అని పెట్టేసేవాడు. రికార్డు చేసిన గొంతుకు సరేమ్మా ఏంది అని అమ్మ నవ్వితే, "మర్యాదగా చెప్పినప్పుడు మర్యాదగా వినాల గదా" అనేవాడు.

అంత బాగా పనిచేసే వస్తువును కంపెనీ చూస్తా ఊరుకుంటుందా? అప్‌గ్రేడ్ చేసింది.

నడి ఎండాకాలం. పొద్దున్నే నాయన ఫోను.

"ఏమ్మే, ఆ పాపను మాన్పించినట్టుండారు. ఇంకెవరో వచ్చింది. హిందీలో ఏందో గదమాయిస్తా ఉండాది."

"మోటారు ఆన్ అయిందా నాయనా?"

"గదమాయించింది గానీ ఆన్ చెయ్యలా."

నేను కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. తెలుగు కావాలంటే ఫలానా అంకె నొక్కమన్నారు, నొక్కాను. తెలుగును ఎంచుకున్నందుకు నాకు ధన్యవాదాలు చెప్పి, చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి తెలుగు ఒక్క ముక్క రాని అబ్బాయికి కలిపారు. నాకొచ్చిన హిందీతో సంగతి చెప్పాను. అతను ఎంతో సంతోషంగా వివరించాడు. మా సౌకర్యం కోసమే రింగిచ్చే పద్ధతి తీసేశారట. ఇకమీదట అంతా యాప్‌లోనేనట.

"మా నాయన దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదండీ."

"కొనుక్కోవచ్చు గదా మేడం."

ఇంత సులువైన పరిష్కారం నాకు తట్టనేలేదు.

"పోనీ స్టార్టర్ మీద బటన్ నొక్కితే ఆడుతుందా?"

"సేఫ్టీ కోసం దాన్ని కూడా లాక్ చేశాం మేడం."

దొంగల నుంచి కాపాడటానికి కాబోలు. తొందరలో తోట యజమానిని కూడా దొంగల్లో కలిపేసినట్టున్నారు.

ఆదివారం బస్సెక్కి ఊరికి పోయాను. తోటలో అడుగు పెడితే కాలి కింద రాలిన పిందెలే. అమ్మ ఇంటి దగ్గర్నుంచి బిందెతో నీళ్లు మోసుకొచ్చి లేత మొక్కల మొదట్లో పోస్తా ఉంది. పెద్ద చెట్లకు బిందెనీళ్లు ఏ మూలకు? ఆకులు మెలి తిరిగి ఉన్నాయి. నాయన ఆ చెట్ల వైపు చూడకుండా నా ఫోను వైపే చూస్తున్నాడు.

యాప్ వేసుకుని మోటారు షెడ్డులో నిలబడ్డాను. ఇంటర్నెట్ లేదు అంది. మా తోటలో సిగ్నల్ కావాలంటే పక్కనున్న గుట్ట ఎక్కాలి. ఎక్కాను. ఇంటర్నెట్ వచ్చింది. ఈసారి, మీరు పరికరానికి దూరంగా ఉన్నారు, దయచేసి దగ్గరికి రండి అంది. ఆ దయకు మురిసిపోయి దిగొచ్చాను. ఇంటర్నెట్ లేదు, దయచేసి సరిచూసుకోండి అంది. ఎండలో ఎక్కడం, దిగడం. నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని నాయన ఇదంతా చూస్తున్నాడు.

"దగ్గరికి రమ్మంటాడు, వస్తే పొమ్మంటాడు. అలిగిన కొత్తల్లుడా మే వీడు?"

గుట్ట మీంచే మళ్లీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఈసారి ఒకమ్మాయి ఎత్తింది. తెలుగమ్మాయే. నేను చెప్పిందంతా ఓపికగా విని, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. వైఫై దగ్గరికి పరికరాన్ని తీసుకెళ్లి ప్రయత్నించండి మేడం" అంది.

"అది బోరుకు బిగించి ఉందమ్మా. బోరును ఎక్కడికి తీసుకెళ్లమంటావు?"

పాపం, దానికి జవాబు ఆమె ముందున్న కాగితంలో లేనట్టుంది. కంప్లైంట్ రాసుకుంది.

రెండు రోజుల తర్వాత నెల్లూరు నుంచి ఇంజినీరు ఫోన్ చేశాడు. "ఉదయగిరి అంటే ఆత్మకూరు పక్కనే గదా మేడం?" అన్నాడు. కాదు, ఇంకా పైకి రావాలన్నాను. "అయితే మా రూట్లో లేదు. మీరే పెట్టె విప్పి నెల్లూరుకు తెస్తారా?"

"విప్పితే వారంటీ పోతుందని దాని మీదే రాశారు గదండీ."

"అవును మేడం, పోతుంది" అన్నాడు నిజాయితీగా.

ఫోన్ పెట్టీ పెట్టగానే మెసేజ్ వచ్చింది. మా సమస్య పరిష్కారమైందట. సేవ ఎలా ఉందో నక్షత్రాలిచ్చి చెప్పాలట. నాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మన సమస్య తీరిపోయిందంట నాయనా."

"ఎవురికి?"

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు. "ఇవాళ ఇంకో రెండు చెట్లు పోయినాయి మే" అన్నాడు. ఆ చెట్లను ఆయన మొక్కలప్పటి నుంచి సాకినాడు. ఆ గొంతు విన్నాక నా వెటకారం నాకే చేదుగా తగిలింది.

"దుత్తలూరు నించి మోటార్ల మెకానిక్కును పిలస్తా ఉండా. పెట్టె పెరికేపిస్తా."

"వారంటీ పోతుంది నాయనా."

"తోట పోతా ఉంటే వారంటీని చూసుకుంటా కూచోమంటావా?"

మెకానిక్కు సాయంత్రానికే వచ్చి పెట్టె విప్పేసి, వైర్లు పాత పద్ధతిలో కలిపేశాడట. పచ్చ బటన్ నొక్కితే మోటారు ఆడింది. అప్‌గ్రేడ్ అయిన పెట్టెను నాయన గింజల గాదె మీద పెట్టాడు. తూర్పు వైపు వరస ఎండిపోయింది. మిగతా చెట్లు వాన పడేలోపు కోలుకున్నాయి.

ఇక రోజూ మోటారు దాకా నడిచేదెవరు అని నేను దిగులుపడుతుంటే అమ్మ తేల్చేసింది. "మేకల్ని తోలుకోని రోజూ ఆ షెడ్డు ముందర్నించే గదా పొయ్యేది. నేనేసి పోతా."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమే?" అన్నాడు నాయన.

"ఎవరడిగినారు నన్ను? పోయి పెట్టె కొనుక్కోనొచ్చినావు."

ఇప్పుడు మోటారు అమ్మ చేతిలో ఉంది. మొన్న నాయన ఫోన్ చేశాడు. "మీ అమ్మ మోటారేసి మేకలెంబడి పోయింది. ఫోను ఇంట్లోనే పడేసి పోయింది. పాదులు నిండి నీళ్లు పక్కోడి చేలోకి పోతా ఉండాయంట. ఆయప్ప ఒకటే అరుపులు. ఏం చెయ్యాల మే?"

నేనేం చెప్పేది? ఆత్మకూరులో క్లాసు ముందు నిలబడి ఉన్నాను. "నువ్వే పోయి ఆపు నాయనా" అన్నాను.

ఆయన నన్నూ అమ్మనూ కలిపి తిట్టుకుంటా చెప్పుల కోసం వెతుక్కోవడం ఫోనులో వినపడింది.