పక్క సీటు

మంచం మీద కూర్చున్నా, భోజనానికి కూర్చున్నా డ్రైవింగ్ మాస్టారి కుడికాలు ఉండుండి నేలను నొక్కుతుంది. ఏళ్ల తరబడి ఆయన నేర్చుకునేవాళ్ల పక్క సీట్లోనే కూర్చుని, వాళ్లు మరిచిపోయిన బ్రేకు తాను తొక్కుతున్నారు. సొంత కారు లేదు. కంప్యూటర్లో కార్ల ఆట ఉందని, కొండదారిలో ఒక్కడే ఎంత దూరమైనా పోవచ్చని విన్నప్పటి నుంచీ అదే ధ్యాస. దానికి కంప్యూటర్లో బొమ్మలు ఆగకుండా కదిలించే గ్రాఫిక్స్ కార్డు వేయించాలన్నారు. కార్డంటే చొక్కా జేబులో పట్టేదనుకున్నారు మాస్టారు. షాపువాడు తీసింది చెప్పుల పెట్టెంత ఉంది. "ఏం ఆడతారు సార్?" "ఆటలేం కాదు. ఊరికే, కారు నడుపుకుందామని." "అయితే ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది." పెట్టె చంకలో పెట్టుకున్నాక కూడా డబ్బు కట్టే ధైర్యం చాలక, కంప్యూటర్ల సంగతి తెలిసిన బావమరిదికి ఫోన్ చేశారు.

"తొందరపడకు బావా. వచ్చే నెల కొత్తది వస్తోంది. ఇది కొన్నావంటే నవ్వుతారు."

"పోయిన నెలా అదే అన్నావుగా?"

"అన్నాను, వచ్చింది. ఇప్పుడు దాని తాత వస్తోంది."

మాస్టారు పెట్టెను మెల్లగా షాపు బల్ల మీద పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న మైదానంలో, నేర్చుకోవడానికొచ్చిన అమ్మాయిని దిగమన్నారు. "ఇటొచ్చి కూర్చో అమ్మా, కాసేపు నేను నడుపుతాను." రోడ్డు మీదికి గేటు బార్లా తీసి ఉంది. ఆయన సున్నం గీతల మధ్యనే, రెండో గేరులో, గుండ్రంగా తిరిగి తిరిగి దిగిపోయారు.