గండుపిల్లి కడుపు

మొన్న కామారెడ్డి పశువుల దవాఖానలో మా మనవరాలి పిల్లికి డాక్టరు సన్నటి గొట్టం పెట్టి, ఆగిపోయిన ఉచ్చ తీశాడు. గదంతా ఘాటు వాసన. నిజాం కాలంలో, నా చిన్నతనంలో, ఎల్లారెడ్డిలో మా అవ్వ ఇంట్లో గడిచిన ఒక రోజు గుర్తొచ్చింది నాకు.

ఆ రోజు పొద్దున్నుంచీ మా గండుపిల్లి పొయ్యి బూడిదలో కూర్చొని ముక్కుతూ అరుస్తోంది. బూడిద మాత్రం తడవలేదు. "వేడి చేసింది దీనికి," అంటూ అవ్వ ఉగ్గుగిన్నెతో మజ్జిగ పోస్తూనే ఉంది. మధ్యాహ్నానికి దాని కడుపు ఉబ్బింది. నాకు భలే సంతోషమైంది.

"అవ్వా, ఇది పిల్లల పెడ్తదా?"

"మగదానికి పిల్లలేందే, పిచ్చి పోరీ!" అని నవ్వుతూ అవ్వ దాని కడుపు తడిమింది. పచ్చి మారేడుకాయలా గట్టిగా తగిలింది. ఆమె నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, పోయే తొవ్వ మూసుకపోయింది. నేనేమో ఇంకింత పోస్తున్న."

గిన్నె పక్కన పెట్టి, వేడి గుడ్డతో కాపడం పెట్టింది. చుక్క రాలేదు. పిల్లిని చూసే వైద్యుడు ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు.

దీపాలు పెట్టే వేళకు అరుపు ఆగింది.

"నొప్పి తగ్గిందే అవ్వా, పండుకుంది!" అని గంతులేశాను.

అవ్వ నన్ను ఒడిలోకి లాక్కొని, పొయ్యి వైపు తిరగనివ్వలేదు.

"తగ్గింది బిడ్డా," అంది.

నన్నెందుకు అటు తిరగనివ్వలేదో తెలిసే వయసు కాదు నాది.